గండభేరుండం కోసం గింప్ 3: బెజవాడ నుంచి ఒక రివ్యూ

పక్షుల ఫొటోలు, ఆకాశం ఫొటోలు కలిపి ఎక్కడా లేని దృశ్యం తయారుచేయడానికి గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ సరిపోతుందా, ఫొటోషాప్ కొనాల్సిందేనా అని బెజవాడలోనూ గుంటూరులోనూ కెమెరా పట్టుకున్న మిత్రులు చాలామంది అడుగుతున్నారు. సరిపోతుంది. పైసా పెట్టక్కర్లేదు, ఓపిక మాత్రం గట్టిగానే కావాలి. నేను వాడింది 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0. ఇంతకుముందు 2.10 చూసి "ఇది మన వల్ల కాదు" అని వదిలేసినవాళ్లు దీన్ని మళ్లీ చూడాలి, ఎందుకో కింద చెబుతాను.

నేను అనుకున్న బొమ్మ ఇది. సాయంత్రం వేళ ప్రకాశం బ్యారేజీ, మీద వానాకాలపు మబ్బులు, వాటిని చీల్చుకుని దిగుతున్న గండభేరుండం. ఈ రెండు తలల పక్షిని గుళ్లలో శిల్పంగా చూసే ఉంటారు, విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీద కూడా ఉంటుంది. రాతి మీద, బంగారం మీద చూసిన పక్షిని నిజం ఈకలతో, మన కృష్ణ మీద చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. మా తమ్ముడి కొడుకు "ఏఐకి చెప్తే అరనిమిషంలో ఇచ్చేస్తుంది కదా పెదనాన్నా" అన్నాడు. ఇస్తుంది, కాదనను. కానీ నాకు కావాల్సింది ఏదో ఒక పక్షి కాదు, ఉప్పలపాడు చెరువు మీద ఎగిరే పక్షి.

ఉప్పలపాడు గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలో ఉంది. ఊళ్లోని చెరువుల్లో పెరిగిన చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కలిసి గూళ్లు కడతాయి. గూళ్ల కాలంలో పుల్లలు ముక్కున కరుచుకుని అదే దారిలో మళ్లీ మళ్లీ వస్తుంటాయి కాబట్టి ఒకే వెలుతురులో, ఒకే కోణంలో పది రకాల రెక్కల భంగిమలు దొరుకుతాయి. కాంపోజిట్ (వేరువేరు ఫొటోలు కలిపి కట్టిన బొమ్మ) చేసేవాడికి ఇంతకన్నా కావాల్సింది లేదు. గూడబాతు పెద్ద పక్షి కదా, ఒంటికి అదే బాగుంటుందని ముందు ఎవరికైనా అనిపిస్తుంది, కానీ అది ఎగిరేటప్పుడు మెడ వెనక్కి లాక్కుంటుంది. ఎర్రకాళ్ల కొంగ మెడ ముందుకు చాచి ఎగురుతుంది. రెండో మెడ పెట్టాలంటే చాచిన మెడే కావాలి, అందుకని ఒళ్లు, రెక్కలు, రెండు మెడలు అన్నీ ఎర్రకాళ్ల కొంగవే తీసుకున్నాను, రెండో మెడ అదే గుంపులో పక్కన ఎగురుతున్న కొంగది. ఒకే గుంపులోది కాబట్టి నీడలు కలిశాయి. మెడ మొదట్లో అతికేచోట మాత్రం మామిడి అంటు కట్టినట్టు ఈకల వాలు చూసి కలపాలి, లేకపోతే ఎంత బ్లర్ చేసినా అతుకు బయటపడుతుంది. తలలు కృష్ణ మీద తిరిగే గరుడపక్షివి.

ఇక అసలు పని, పక్షిని ఆకాశంలోంచి విడదీయడం. గింప్‌లో ఫొటోషాప్‌లో ఉన్నట్టు ఒక్క క్లిక్కుతో పక్షిని పట్టుకునే బటన్ లేదు, ఆకాశం మార్చే బటన్ కూడా లేదు (ఫొటోషాప్‌లో అది 2020లోనే వచ్చింది). మొదట్లో ఇది లోటుగా అనిపిస్తుంది. ఈకల అంచుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేత్తో చేసిన మాస్క్ (అక్కర్లేని భాగాన్ని చెరపకుండా దాచే తెర) మీదే నాకు నమ్మకం.

ఎర్రకాళ్ల కొంగతో చిక్కేమిటంటే ఒళ్లు తెలుపు, రెక్కల చివరి ఈకలు నలుపు. నీలాకాశం మీద తెల్ల పక్షిని రెడ్ ఛానెల్‌లో (ఫొటోలోని ఎరుపు భాగాన్ని ఒక్కదాన్నే చూపేది) చూస్తే ఆకాశం ముదురుగా, ఒళ్లు తెల్లగా కనబడి తేలిగ్గా విడిపోతుంది, కానీ నల్ల ఈకలు ఆ ముదురులో కలిసిపోతాయి. బ్లూ ఛానెల్‌లో దీనికి తారుమారు, ఆకాశం తెల్లబడి నల్ల ఈకలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనబడతాయి, ఒళ్లు మాయమవుతుంది. అందుకని రెండు ఛానెళ్లకూ కాపీలు తీసి, వెలుగునీడల్ని సర్దే లెవెల్స్‌తో నలుపు తెలుపుల్ని చివరికంటా లాగి, బ్లూ కాపీని ఇన్వర్ట్ చేసి, రెండిటినీ సెలెక్షన్‌గా మార్చి కలిపితే పక్షి మొత్తం వస్తుంది. ఆ సెలెక్షన్ నుంచే పక్షి ఉన్న లేయర్‌కి (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పేర్చే పొర) మాస్క్. ఒంట్లో నీడపడ్డ చోట్ల చిల్లులు ఉంటాయి, వాటిని తెల్ల బ్రష్‌తో పూడ్చేయాలి. ఈకల చివర్లు, వాటి మధ్య సందులు అన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. పెన్ టూల్‌తో గీసిన పక్షి కత్తెరతో కోసిన అట్టలా ఉంటుంది, దీనికీ దానికీ పోలికే లేదు.

తెల్లటి మబ్బు ఆకాశం మీద తీసిన నీటికాకులకైతే మాస్కే అక్కర్లేదు. లెవెల్స్‌తో వెనకున్న మబ్బుని పూర్తి తెలుపు చేసి లేయర్ మోడ్ మల్టిప్లై పెడితే చాలు, తెలుపంతా మాయమై నల్ల పక్షులు మిగులుతాయి. నా బొమ్మలో దూరంగా చెదిరిపోతున్న గుంపంతా అలా పెట్టిందే.

ఇక 3.0లో ఏం మారిందంటారా. పాతదాంట్లో ఒక ఫిల్టర్ వేస్తే అది లేయర్‌లో కలిసిపోయేది, తర్వాత మనసు మారితే అండూ కొట్టుకుంటూ వెనక్కి పోవాల్సిందే. ఇప్పుడు కర్వ్స్, కలర్ టెంపరేచర్, నాయిస్ ఏది వేసినా లేయర్ పక్కన ఎఫ్‌ఎక్స్ గుర్తుగా నిలిచి ఉంటుంది, ఎప్పుడైనా తెరిచి మార్చుకోవచ్చు. కాంపోజిట్‌లో ఇది చిన్న విషయం కాదు. ఆకాశం మార్చిన ప్రతిసారీ పక్షి రంగు మార్చాలి, పక్షి రంగు మార్చాక మళ్లీ మబ్బు దిద్దాలి, ఈ తిరగలి ఆగదు. పైగా ఇప్పుడు నాలుగు లేయర్లు ఒకేసారి పట్టుకుని జరపవచ్చు కాబట్టి తల, మెడ, ఒళ్లు విడివిడిగా ఉన్నా టెన్షన్ లేదు.

ఆకాశం సంగతి. బ్యారేజీ దగ్గర నిలబడి ఎగువకి, భవానీ ద్వీపం వైపు చూస్తే సూర్యుడు అటే దిగుతాడు, అంటే వెలుతురు పక్షి వెనక నుంచి రావాలి. వెలుతురు కుడి నుంచి పడాల్సింది ఎడమ నుంచి పడితే లేయర్‌ని అడ్డంగా తిప్పేస్తే సరి, కానీ వెనక నుంచి రావాల్సిన వెలుతురు ముందు నుంచి పడితే ఏ సాఫ్ట్‌వేర్ కూడా కాపాడలేదు. అందుకే పక్షుల్ని కూడా ఎండకి ఎదురుగా నిలబడి తీయండి, అప్పుడు తెల్ల ఈకల్లోంచి వెలుగు తొంగిచూస్తుంది. నీలాకాశంలోంచి కోసిన పక్షిని నారింజ రంగు మబ్బుల్లో పెడితే అంచున సన్నటి నీలిగీత కనబడుతుంది. బ్రష్ మోడ్‌ని కలర్‌కి మార్చి, మబ్బులోంచే రంగు తీసుకుని, తక్కువ ఒపాసిటీతో ఆ అంచు వెంబడి వేస్తే అది పోతుంది. వంద శాతం జూమ్‌లో చూస్తూ చేయాల్సిన పని, కళ్లు లాగుతాయి. చివర్లో అన్నిటి మీదా ఒకే నాయిస్ కొద్దిగా వేస్తేనే వేరువేరు ఐఎస్ఓలలో తీసినవన్నీ ఒక్క ఫొటోలా కలిసిపోతాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. కెమెరా రా ఫైళ్లని (జేపెగ్ చేయకముందు కెమెరా దాచే ముడి ఫైళ్లు) గింప్ తనంతట తాను తెరవదు, పక్కన వాటిని తెరిచే డార్క్‌టేబుల్‌గానీ రాథెరపీగానీ పెట్టుకోవాలి. 24 మెగాపిక్సెళ్ల లేయర్ ఒక్కటి 8 బిట్‌లోనే సుమారు 96 ఎంబీ మెమరీ తింటుంది, ఇరవై లేయర్లు పెడితే 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ మూలుగుతుంది. పక్షి లేయర్లని పక్షి ఉన్నంత మేరకే క్రాప్ చేసుకుంటే చాలా వరకు ఊపిరాడుతుంది. మెనూల్లో ఏది ఎక్కడుందో అలవాటయ్యేదాకా చిరాకు తప్పదు.

ప్రింట్‌కి వెళ్లేముందు షాపులో ఏ ఫైల్ కావాలో అడగండి. ఫొటో పేపర్ మీదైతే మామూలుగా ఎస్ఆర్‌జీబీ (మామూలు తెరలు వాడే రంగుల పద్ధతి) జేపెగ్ చాలు. ఒక షాపులో నా ఫైల్‌ని అడగకుండానే "బ్రైట్‌గా ఉంటే బాగుంటుంది సార్" అని వెలుతురు పెంచేశారు, మబ్బుల్లో నేను దాచుకున్న ముదురంతా బూడిదైంది, మళ్లీ కొట్టించుకోవాల్సి వచ్చింది. "ఏ కరెక్షనూ చేయొద్దు" అని ముందే చెప్పండి, ముందు చిన్న సైజులో ఒకటి తీయించుకుని చూడండి. బొమ్మ కింద కాంపోజిట్ అని తప్పకుండా రాయండి. వన్యప్రాణి ఫొటో పోటీలకి ఇలాంటివి పంపకూడదు, ఉప్పలపాడు పక్షుల మీద అబద్ధం ప్రచారం కాకూడదు.

రోజూ సీఎంవైకేలో (అచ్చుకి వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి) ఫ్లెక్సీలు, పత్రికలు చేసే స్టూడియో వాళ్లకి దీన్ని సిఫారసు చేయను, గింప్‌లో నేరుగా సీఎంవైకేలో పనిచేసే మోడ్ లేదు. సొంతంగా తీసిన పక్షులతో, సొంతంగా తీసిన మబ్బులతో బొమ్మ కట్టాలనుకునేవాళ్లకైతే అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది రా ఫైళ్ల విషయంలోనే.