చెరువు ఒడ్డుకు రాతి కట్టడమా, మన మొక్కల పట్టీయా?

హైదరాబాద్‌లో ఏ చెరువు సుందరీకరణ మొదలైనా, ఒడ్డున రాయి పేర్చడం మేలా, మన నేలకు చెందిన మొక్కలు పెంచడం మేలా అని పాఠకులు అడుగుతూనే ఉన్నారు. దక్కను చెరువుకు ఒడ్లు రెండు రకాలు: ఒకటి కట్ట, రెండోది నీరు వచ్చి చేరే శిఖం వైపు. ఈ రెండింటికీ ఒకే జవాబు చెప్పలేము.

కట్ట లోపలి వాలుకు రాతి రివిట్‌మెంటే, అంటే వాలు మీద రాళ్ళు పేర్చి వేసే తొడుగే, తగినది. అక్కడ నీరు లోతుగా ఉంటుంది, అలల తాకిడి ఎక్కువ. పైగా మట్టికట్టపై పెరిగిన చెట్టు చచ్చిపోతే, కుళ్ళిన వేళ్ళు వదిలిన దారుల్లో ఊట మొదలవుతుంది. పచ్చదనాన్ని కోరే మిత్రులకు ఈ మాట నచ్చదు.

శిఖం వైపు మాత్రం నేను మొక్కల పక్షమే. అక్కడ వానల్లో ముందుకు వచ్చి వేసవిలో వెనక్కి తగ్గే నీటికి స్థిరమైన అంచు ఉండదు. ఆ రాకపోకలను తట్టుకోవడమే నా దృష్టిలో అసలు పరీక్ష. నీటి అంచున తుంగ, కొంతకాలం మునిగినా బతికే నీరుకణప, ఏరుమద్ది, ఆపైన కానుగ, నేరేడు అనే వరుసలో నాటితే, పరచుకొని వచ్చే వాననీటి వేగం తగ్గి, ఒండ్రుతో పాటు దానికి అంటుకొన్న భాస్వరంలో కొంత భాగం ఒడ్డునే నిలిచిపోతుంది; గుర్రపుడెక్కకు అందే ఆహారం ఆ మేరకు తగ్గుతుంది. ముంపును తట్టుకోవడంలో నల్లతుమ్మకు సాటి లేదు గానీ, ముళ్ళచెట్టుకు ఏ కాలనీ ఒప్పుకుంటుంది? జమ్మును కోస్తూ ఉండకపోతే ఒడ్డంతా అదే ఆక్రమిస్తుంది.

అయితే నాలా గొట్టం గుండా నేరుగా చెరువులో పడే మురుగును ఏ మొక్కల పట్టీ ఆపలేదు. దాన్ని ముందే మళ్ళించి శుద్ధి చేయాలి.

మొక్కల పట్టీకి బదులు పచ్చిక పరుద్దామంటే, దానికి నీరూ ఎరువూ కావాలి, ఆ ఎరువు చేరేది చెరువులోకే. నెక్నాంపూర్ చెరువులో ఏర్పాటు చేసినటువంటి తేలే మొక్కల తెప్పలు మంచివే, కానీ అవి ఒడ్డుకు బదులు కావు.

ఇక మిగిలింది స్థలం. నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని ఖాళీ పట్టీ, ఉండాలి. ఆ 9 మీటర్లలోనే నడకదారి కూడా వేయక తప్పదంటే, దానిని నీటి పక్కన కాక వెలుపలి హద్దు వెంబడి వేయించండి.