పాత ఇంట్లో సాకెట్లన్నీ మార్పించాం: శ్రీకాకుళంలో నాలుగేళ్ల వాడకం తర్వాత

అరసవల్లి వెళ్లే దారిలో మా అమ్మానాన్నలు కట్టుకున్న డాబా ఇల్లు మాది, ముప్ఫయ్యేళ్లు దాటింది. నాలుగేళ్ల కిందట ఎలక్ట్రీషియన్‌ని పెట్టి కింద పోర్షన్‌లో సాకెట్లన్నీ మార్పించాం. పాత ఇంట్లో ఏసీ, గీజర్, ఇండక్షన్ పొయ్యి పెట్టుకోవాలనుకునేవాళ్లు మా దగ్గర చాలామందే ఉన్నారు. వాళ్లకి పనికొస్తుందని ఏది బాగా నిలిచిందో, ఏది నిలవలేదో రాస్తున్నాను. మేం పెట్టిన డబ్బులో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఎర్తింగ్ (లీకైన కరెంటు భూమిలోకి పోయే దారి) అని ముందే చెప్పేస్తున్నాను.

మనిషిని ఎంచుకోవడం దగ్గరే సగం పని అయిపోతుంది. మేం ముగ్గురిని పిలిచాం. ఇద్దరు గుమ్మంలో నిలబడే పాయింటుకి ఇంత అని రేటు చెప్పేశారు. ఏసీ వేస్తే ఎం.సి.బి. (కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపేసే స్విచ్) పడిపోతోందని మా నాన్న అంటే, అందులో ఒకాయన "32 ఆంపియర్లది వేసేస్తానండి, ఇంక పడదు" అన్నాడు. ఈ మాట ఎవరి నోట విన్నా ఆ మనిషికి పని ఇవ్వకండి. ఎం.సి.బి. ముఖ్యంగా కాపాడేది గోడలో ఉన్న వైరుని. సన్న వైరు అలాగే ఉంచి పెద్ద ఎం.సి.బి. పెడితే, వైరు వేడెక్కి కాలిపోతున్నా అది పడకపోవచ్చు.

మూడో ఆయన యాభై దాటిన మేస్త్రి. రేటు అడిగితే వెంటనే చెప్పలేదు. మెయిన్ ఆఫ్ చేసి గీజర్ సాకెట్ విప్పాడు. వెనక ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంది. స్క్రూ దగ్గర వైరు తొడుగు వేలు తగలగానే అప్పడంలా పొడైపోయింది. పదిహేను ఆంపియర్ల సాకెట్‌కి లైట్లకి వేసే 1 చదరపు మిల్లీమీటరు వైరు లాగి ఉంది. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. వైరు సన్నం, పైగా స్క్రూ లూజు. ఇక వేడెక్కకుండా ఎలా ఉంటుంది?

తర్వాత మెయిన్ ఆన్ చేసి, సంచిలోంచి బల్బు పెట్టిన హోల్డర్ తీశాడు. దానికి రెండు వైర్లు. వాటిని సాకెట్‌లో ఫేజ్‌లో (కరెంటు వచ్చే కన్నం), న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే కన్నం) పెడితే బల్బు నిండుగా వెలిగింది. ఒక వైరు న్యూట్రల్ నుంచి తీసి ఎర్త్‌లో పెడితే అసలు వెలగలేదు. "మూడో కన్నం ఉంది గానీ దాని వెనకాల ఏమీ లేదమ్మగారూ" అన్నాడు మా అమ్మతో. వానాకాలం వస్తే ఫ్రిజ్ తలుపు ముట్టుకున్నప్పుడల్లా అమ్మ చెయ్యి ఎందుకు జివ్వుమనేదో ఆ రోజు తెలిసింది. "ముందు ఎర్త్ చూసుకుందాం బాబూ, బోర్డులు తరవాత" అని నాతో అన్నాక, అప్పుడు ఎస్టిమేట్ రాశాడు. పని ఆయనకే ఇచ్చాం.

పెరట్లో కొత్తగా గొయ్యి తీయించి, రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు (జింకు పూత వేసిన ఇనప పైపు) దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా వేశారు. అక్కడి నుంచి ప్రతి సాకెట్‌కీ ఆకుపచ్చ వైరు. మామూలు పవర్ పాయింట్లకి 2.5, ఏసీకి, గీజర్‌కి విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దేని ఎం.సి.బి. దానికి. లేబరు కంటే సరుకు ఖర్చే ఎక్కువైంది, అందులో పెద్ద వాటా వైరుదే. వైరు, సాకెట్లు ఐ.ఎస్.ఐ. మార్కు చూసి మేమే కొన్నాం. కన్నాలకి లోపల షట్టరు ఉన్న సాకెట్లే తీసుకోండి. పిల్లలున్న ఇంట్లో అది తప్పనిసరి.

అసలు గొడవ పని అయిపోయాక మొదలైంది. మేస్త్రి డి.బి. బాక్సులో (ఎం.సి.బి.లన్నీ ఉండే పెట్టె) 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టాడు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా, మన ఒంట్లోంచో తడి గోడలోంచో భూమిలోకి పోతుంటే, ఆ తేడా పట్టుకుని అది కట్ చేసేస్తుంది. మా ఇంట్లో మాత్రం ఏ కారణం లేకుండా రోజూ పడిపోయేది. మేస్త్రి ఊళ్లో లేడని తెలిసినతన్ని పిలిస్తే, "ఇవి ఇంతేనండి, తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తాను" అన్నాడు. మా నాన్న ఒప్పుకోలేదు, చాలా మంచిపని చేశారు. మేస్త్రి వచ్చి ఒక్కో న్యూట్రల్ విప్పుకుంటూ పోతే ఇన్వర్టర్ దగ్గర దొరికింది. పాత వైరింగ్‌లో ఇన్వర్టర్ మీదున్న లైట్ల న్యూట్రల్‌ని ఎవరో వేరే లైన్ న్యూట్రల్‌తో కలిపేశారు. ఒక దారిన వెళ్లిన కరెంటు ఇంకో దారిన తిరిగొస్తుంటే ఆర్.సి.సి.బి. దాన్ని లీకేజీ కిందే లెక్కేస్తుంది. ఆ న్యూట్రల్ విడదీశాక ఊరికే పడడం ఆగిపోయింది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో చాలాచోట్ల ఇదే తంతు. పరికరం మంచిది కాదని తీయించేసే ముందు ఇది చూపించండి.

ఆ తర్వాత ఒక వానాకాలం, మోటారు స్విచ్ వెయ్యగానే మళ్లీ పడింది. చూస్తే మోటారు దగ్గర వైరు జాయింట్‌లోకి నీళ్లు దిగాయి. అమ్మ అప్పుడు అక్కడే, తడి నేల మీద, ఇనప పైపు పక్కన నిలబడి ఉంది. ఇంతకంటే ఏం చెప్పాలి? ఆర్.సి.సి.బి. మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూస్తున్నాం. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యి ఎండిపోకుండా అప్పుడప్పుడు బకెట్ నీళ్లు పోస్తున్నాం.

నాలుగేళ్ల తర్వాత గీజర్ సాకెట్ ప్లేటు మీద చెయ్యి పెడితే వేడి తెలియదు. వంటింట్లో ఇండక్షన్ పొయ్యి ప్లగ్ ఇప్పటికీ గట్టిగా పడుతోంది. ఫ్రిజ్ దగ్గర షాక్ మాట మళ్లీ వినలేదు.

బాగోలేనివీ ఉన్నాయి. యూ.ఎస్.బి. పోర్టు ఉన్న సాకెట్లు రెండు వేయించాం, అవి రెండేళ్లు కూడా సరిగ్గా పనిచెయ్యలేదు. మామూలు సాకెట్ పెట్టి ఛార్జర్ గుచ్చుకోవడమే నయం. పెరట్లో మోటారు సాకెట్‌కి మామూలు ఇనప బాక్సు వేశారు, మా ఉప్పుగాలికి తుప్పు పట్టి స్క్రూలు రావడం లేదు. బయట పెట్టేదానికి మూత ఉన్న ప్లాస్టిక్ బాక్సే అడగండి. గాడి కొట్టినచోట సిమెంటు పూత పగుళ్లిచ్చింది, ఆ పని తాపీమేస్త్రికి విడిగా ఇవ్వాల్సింది. డి.బి.లో ఏ ఎం.సి.బి. దేనిదో మేస్త్రి రాయలేదు, మా నాన్న మార్కరుతో రాసుకున్నారు.

ఇంకో సంగతి. తిత్లీ తుఫాను లాంటిది వచ్చి స్తంభాలు పడి, వీధి లైన్లో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 230 కంటే చాలా ఎక్కువ వోల్టేజీ రావచ్చు. దాన్ని ఆర్.సి.సి.బి. గానీ ఎం.సి.బి. గానీ ఆపవు. పెద్ద గాలి మొదలవగానే మెయిన్ ఆఫ్ చేసి ప్లగ్గులు పీకేస్తాం. ఏసీలు పెంచేవాళ్లు మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో అదనపు లోడ్‌కి కూడా దరఖాస్తు పెట్టుకోండి, అది ఎలక్ట్రీషియన్ చేసే పని కాదు.

పై అంతస్తు పని కూడా ఇదే మేస్త్రికి ఇస్తున్నాం. గృహప్రవేశాల సీజన్‌లో ఆయన ఫోను ఎత్తడమే కష్టం, ఇవాళ రేపు అంటూ వారాలు గడిపేస్తాడు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి ఖాళీగా దొరుకుతాడు. వచ్చే ఆషాఢానికి అడ్వాన్స్ ఇచ్చేశాం.