ఆట తడబడుతుంటే డబ్బు దేనిమీద పెట్టాలి: గ్రాఫిక్స్ కార్డా, ర్యామా, ప్రాసెసరా?

ఖమ్మంలో డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు వేసవి సెలవుల్లో ఫోన్ చేసి, “మామయ్యా, స్మోక్ పడగానే గేమ్ ఆగిపోతోంది, గ్రాఫిక్స్ కార్డు మార్చేస్తే సరిపోతుందా?” అని అడిగాడు. వాడు ఆడేది కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ అనే తుపాకుల ఆటలు, స్మోక్ అంటే వాటిలో కమ్ముకునే పొగ తెర. వాడి కంప్యూటర్ 2019లో కూర్చినది: ఇంటెల్ ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్, 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు, 8 జీబీ ర్యామ్. వాడు సలహా అడిగిన దుకాణంవారు చూడకుండానే కొత్త కార్డు కొనమన్నారట. అయిదారేళ్ల నాటి కంప్యూటర్‌లో ఆట తడబడుతున్నదని ఎవరు చెప్పినా ఎదుటివారి నోట ముందుగా వచ్చే మాట ఇదే. కార్డు, ర్యామ్, ప్రాసెసర్ అనే ఈ మూడు మందుల్లో ఏది మేలో, అది ఏ రోగానికి మేలో ఇక్కడ తూచి చూద్దాం.

మన పిల్లలు మూడు వేర్వేరు బాధలను ‘ల్యాగ్’ అనే ఒక్క మాటతో చెబుతారు. కాల్చిన తూటా ఆలస్యంగా తగలడం, శత్రువు ఒకచోట మాయమై మరోచోట తేలడం పింగ్‌కు, అంటే మన సందేశం ఆట సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయానికి, సంబంధించిన బాధ. దానికి లోపల ఏ భాగం మార్చినా ఉపయోగం లేదు. వైఫై వదిలి ల్యాన్ కేబుల్ పెట్టుకోవడం, ఆట ముంబై సర్వర్‌కు కలుస్తోందో సింగపూర్‌కు కలుస్తోందో చూసుకోవడం వరకే మన చేతిలో ఉంటుంది. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు కాబట్టి, హైదరాబాద్ నుంచి దాదాపు 3,300 కిలోమీటర్ల దూరంలోని సింగపూర్‌కు వెళ్లి రావడానికే, తీగ తిన్నగా పోయిందనుకున్నా, 33 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత ఖరీదైన కార్డు అయినా ఆ దూరాన్ని తగ్గించలేదు. రెండో బాధ ఎఫ్‌పీఎస్, అంటే కంప్యూటర్ సెకనుకు గీసే బొమ్మల (ఫ్రేముల) సంఖ్య, మొదటి నుంచీ తక్కువగా ఉండటం. మూడోది, సగటు ఎఫ్‌పీఎస్ బాగానే ఉన్నా మధ్యమధ్యలో బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోవడం, అంటే స్టటర్. మా వాడిది ఈ మూడోది.

కొనుగోలు మాట ఎత్తకముందు నేను వాడిచేత చేయించినవి రెండు పనులు. మొదటిది, ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపించే ఆఫ్టర్‌బర్నర్, రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్లు పెట్టించి ఆట నడుస్తుండగానే తెర మూలన అంకెలు కనిపించేలా చేయించడం. గ్రాఫిక్స్ కార్డు వాడకం 60 శాతం దాటడం లేదు, ర్యామ్ 8 జీబీలో 7.4 నిండిపోయింది, ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే కోర్లలో ఒకటి మాత్రం 95 శాతానికి పైనే ఉంది. విండోస్‌లోని టాస్క్ మేనేజర్ చూపించే మొత్తం వాడకం చూసి చాలామంది మోసపోయేది ఇక్కడే. ఆరు కోర్ల ప్రాసెసర్‌లో ఒక కోర్ నూటికి నూరు పాళ్లు పనిచేస్తున్నా మొత్తం లెక్కలో అది 17 శాతమే కాబట్టి, ‘ప్రాసెసర్ సగమే వాడుతోంది, ఇంకా ఖాళీ ఉంది’ అనిపిస్తుంది. ఆటలోని ముఖ్యమైన పనుల వరస (థ్రెడ్) ఆ ఒక్క కోర్ మీదే నడుస్తూ ఉంటే మిగతా అయిదు ఖాళీగా ఉన్నా ఒరిగేదేమీ లేదు.

రెండో పరీక్షకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఆటలో రెజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కు దించి, అదే మ్యాప్‌లో అదే మూల నిలబడి చూడాలి. గ్రాఫిక్స్ కార్డు గీయవలసిన చుక్కలు సగానికన్నా తగ్గాయి కాబట్టి, అడ్డు కార్డు దగ్గరే ఉంటే ఎఫ్‌పీఎస్ గట్టిగా పెరగాలి. మా వాడికి రెండు మూడు అంకెలు అటూ ఇటూ అయ్యాయి తప్ప పెరగలేదు. అంటే కార్డు పని లేక కూర్చుంది, దానికి పని అందించవలసిన ప్రాసెసర్, ర్యామ్ వెనకబడ్డాయి. కొత్త కార్డు కొని ఉంటే అది కూడా అలాగే కూర్చునేది.

పక్క పలక విప్పి ఫొటో పంపమన్నాను. ఆ ఫొటోలో రెండు విషయాలు కనిపించాయి. ప్రాసెసర్ మీది కూలర్ రెక్కల మధ్య, ఫ్యాన్ కింద, దూది పరిచినట్టు దుమ్ము అట్టకట్టి ఉంది. రెండు ర్యామ్ స్లాట్లలో ఒకటి ఖాళీగా ఉంది.

దుమ్ము సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే దానికి డబ్బు ఖర్చు లేదు. కూలర్ ప్రాసెసర్‌ను గది వేడికన్నా చల్లబరచలేదు, గది వేడికి పైన ఇన్ని డిగ్రీల దగ్గర నిలపగలదు, అంతే. గది 25 డిగ్రీలున్న డిసెంబరులో 75 చూపించిన ప్రాసెసర్, గది 40 డిగ్రీలున్న మే నెల ఖమ్మంలో అదే పనికి 90 చూపిస్తుంది. దానికి దుమ్ము తోడైతే 100 దగ్గరికి చేరుతుంది, అక్కడ ఈ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. శీతకాలంలో బాగా నడిచి ఎండాకాలంలో తడబడే కంప్యూటర్‌కు కొత్త భాగాలు కొనడం గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమే. ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపి బ్లోయర్ కొట్టి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాస్తే మా వాడి ప్రాసెసర్ దాదాపు 15 డిగ్రీలు దిగింది. బిగుసుకోవడం కొంత తగ్గింది కానీ పోలేదు.

ఇక మూడు మందుల బేరీజు. ర్యామ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మన దగ్గర కూర్చిన కంప్యూటర్లలో కనిపించే పొరపాట్లలో ఒకే స్టిక్ పెట్టి వదిలేయడం ముందు వరుసలో ఉంటుంది. ‘తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు’ అని దుకాణంలో చెబుతారు, ఆ తర్వాత అనేది రాదు. 2666 వేగపు డీడీఆర్4 తరం ర్యామ్ స్టిక్ ఒక్కటి సెకనుకు 21.3 జీబీ దాకా అందించగలదు. జత కడితే దారులు రెండై అది 42.6 అవుతుంది. జోడెద్దుల బండికి ఒక్క ఎద్దును కట్టి, బండి మంచిది కాదనుకుంటే ఎలా? ప్రాసెసర్ మీద ఆధారపడే వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ లాంటి ఆటల్లో ఈ తేడా సగటు ఎఫ్‌పీఎస్‌లోకన్నా ‘1 శాతం లో’ అనే అంకెలో ఎక్కువగా కనబడుతుంది. అన్నిటికన్నా నిదానంగా గీసిన ఫ్రేముల లెక్క అది, చేతికి తగిలే తడబాటు అక్కడే ఉంటుంది. దానికితోడు 2023 సెప్టెంబరులో వచ్చిన కౌంటర్-స్ట్రైక్ 2 కనీసం 8 జీబీ కావాలంటుంది. పక్కన బ్రౌజర్, ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్ తెరిచి ఉంటే ఆ 8 చాలదు. చాలనప్పుడు విండోస్ కొంత సమాచారాన్ని డిస్కు మీదికి నెట్టి మళ్లీ తెచ్చుకుంటుంది. స్మోక్ పడిన క్షణంలో బొమ్మ ఆగడానికి ఇది ఒక కారణం, డిస్కు పాత హార్డ్ డిస్కు అయితే మరీను.

ర్యామ్ కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. 9400ఎఫ్ లాంటి ప్రాసెసర్‌తో వచ్చే హెచ్310, బీ360 తరగతి మదర్‌బోర్డులు 2666 దాటనివ్వవు కాబట్టి, 3200 స్టిక్‌కు ఎక్కువ డబ్బు పెట్టినా అది 2666కే నడుస్తుంది. ఏఎండీ సంస్థ రైజెన్ ప్రాసెసర్ ఉన్నవారిది దీనికి తిరగేసిన కథ: వాటికి ర్యామ్ వేగం బాగా పనికొస్తుంది, కానీ బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లోకి, వెళ్లి ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే కొన్న 3200 స్టిక్ కూడా 2133 దగ్గరో 2400 దగ్గరో ఉండిపోతుంది. అది ఆన్ చేయడానికి రూపాయి ఖర్చు లేదు. అయితే ఒకప్పుడు కళ్లు మూసుకొని ‘ముందు ర్యామ్ వేసుకో’ అనగలిగిన సలహా ఇప్పుడు కాస్త ఆలోచించి చెప్పవలసి వస్తోంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ ర్యామ్ స్టిక్కుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. అయినా రెండో స్టిక్ సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, దాన్ని దుకాణంలోనే పెట్టి పరీక్షించుకునే వీలుంటే, మూడింటిలో ఇప్పటికీ ముందుగా చూడవలసినది ఇదేనని నా అభిప్రాయం.

గ్రాఫిక్స్ కార్డు వంతు ఎప్పుడు వస్తుందంటే, తెర మూలన దాని వాడకం 97, 99 చూపిస్తూ, రెజల్యూషన్ దించగానే ఎఫ్‌పీఎస్ పెరిగినప్పుడు. పబ్జీ పీసీ వెర్షన్, పెద్ద కథల ఆటలు, సెట్టింగులు హైలో పెట్టి ఆడేవారు ఈ కోవలోకి వస్తారు. 4 జీబీ కార్డుకు ఇంకో ఇబ్బంది ఉంది. టెక్స్చర్ల (గోడలు, నేల, మనుషుల మీద పరిచే బొమ్మల) సెట్టింగు పెంచితే వాటికి కార్డు మీది మెమరీ చాలక, మదర్‌బోర్డు మీది ర్యామ్ నుంచి, కార్డును బోర్డుతో కలిపే పీసీఐఈ దారిలో తెచ్చుకోవలసి వస్తుంది. ఆ దారి కార్డు సొంత మెమరీకన్నా ఎంతో ఇరుకు. కార్డు మార్చే ముందు అందరూ టెక్స్చర్లను ఒక మెట్టు దించి చూడాలి, చాలామందికి అక్కడితో సరిపోతుంది.

కార్డు కొనక తప్పదనుకుంటే ధర ఒక్కటే చూసి కొనకూడదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే కార్డుకు ఆ పీసీఐఈ దారిలో లేన్లు, అంటే వరసలు, నాలుగే. పీసీఐఈ 4.0 బోర్డులో ఇబ్బంది లేకపోయినా, ఇంటెల్ తొమ్మిదో తరం నాటి పీసీఐఈ 3.0 బోర్డులో ఆ నాలుగు లేన్ల వెడల్పు సగమైపోతుంది. పాత కంప్యూటర్ ఉన్నవారే తక్కువ ధర చూసి దానికి ఆశపడతారు, అది వారికే తక్కువ ఉపయోగపడుతుంది. 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600కు ఎనిమిది లేన్లున్నాయి. అది 132 వాట్లు తీసుకుంటుంది, కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె అయిన ఎస్ఎంపీఎస్ నుంచి ఎనిమిది పిన్నుల తీగ కావాలి. ఆ తీగ లేని పాత ఎస్ఎంపీఎస్ ఉన్నవారికి 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు నయం, దాని మోడళ్లలో చాలావాటికి విడిగా కరెంటు తీగ అక్కర్లేదు. వేగంలో మాత్రం అది 6600కు సాటిరాదు.

ప్రాసెసర్ మార్చడం ఇంటెల్ వారికి ఒక రకం, రైజెన్ వారికి మరో రకం. 9400ఎఫ్ కూర్చున్న సాకెట్‌లో ఎక్కగలిగిన చివరి మెట్టు అదే తరం ఐ7, ఐ9లే. అవి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి, వాటికి తగిన కరెంటును హెచ్310 లాంటి చవక బోర్డులు నిలకడగా అందించలేవు. అంతకు మించి కావాలంటే బోర్డు, ప్రాసెసర్ రెండూ మార్చాలి. కొత్త బోర్డు డీడీఆర్5ది అయితే పాత ర్యామ్ కూడా పనికిరాదు, అంటే మూడూ కొత్తవి కొనడమే. అదే 2017లో ఏఎం4 సాకెట్ ఉన్న బోర్డు మీద రైజెన్ 5 1600 తీసుకున్నవారు అదృష్టవంతులు. చాలా బోర్డులు బయోస్ అప్‌డేట్ తర్వాత 2022లో వచ్చిన రైజెన్ 5 5600ను తీసుకుంటాయి. పాత డీడీఆర్4 ర్యామ్ అలాగే ఉంటుంది, నేటి ధరల్లో అది చిన్న లాభం కాదు. 5600లో ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ, 32 ఎంబీ. అదే ఏడాది వచ్చిన 5800ఎక్స్3డీలో 96 ఎంబీ ఉంటుంది, ఆటకు కావలసిన సమాచారం ర్యామ్ దాకా పోకుండా అక్కడే దొరుకుతుంది కాబట్టి ఇలాంటి ఆటల్లో దాని పేరు ఇంకా వినిపిస్తూనే ఉంది. అందువల్ల కార్డు ఖాళీగా కూర్చున్న రైజెన్ యజమానికి నేను ప్రాసెసర్ మార్చుకోమనే చెబుతాను. ఇంటెల్ తొమ్మిదో తరం యజమానికి మాత్రం, ఉన్నదాంట్లో ర్యామ్ జత కట్టుకొని, పెద్ద ఖర్చును మొత్తం కంప్యూటర్ మార్చే రోజుదాకా దాచుకోమంటాను.

మానిటర్ గురించి ఒక మాట. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 బొమ్మలే చూపిస్తుంది, ఎఫ్‌పీఎస్ 200 ఉన్నా అంతే. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో దాన్ని 60 మీదే వదిలేసినవారిని ఒకరిద్దరిని నేనే చూశాను.

మా వాడు తన స్టిక్ మీది అక్షరాలు చదివి, అదే వేగం, అదే 8 జీబీది రెండోది తెచ్చి వేశాడు. స్మోక్ దగ్గర బిగుసుకోవడం పోయింది. సగటు ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగలేదు, 1 శాతం లో మాత్రం చెప్పుకోదగినంత ఎక్కింది. రెండు నెలలకు మళ్లీ ఫోన్. ఈసారి వాడు మొదలుపెట్టింది పెద్ద కథల ఆట. దాంట్లో కార్డు వాడకం 99 దగ్గరే నిలిచిపోతోందని, రెజల్యూషన్ దించితే ఎఫ్‌పీఎస్ పెరుగుతోందని నేను అడగకముందే చెప్పాడు, కార్డు కొంటానన్నాడు. ఈసారి వాడి మాట న్యాయమే. కొనే ముందు ఎస్ఎంపీఎస్ మీది స్టిక్కర్ ఫొటో తీసి పంపమన్నాను. పైన పెద్ద అక్షరాల్లో 450 అని రాసి ఉంది. కింద 12 వోల్టుల గడిలో మాత్రం 15 ఆంపియర్లే ఉన్నాయి, 12ను 15తో గుణిస్తే వచ్చేది 180 వాట్లు. 132 వాట్ల కార్డు, 65 వాట్ల ప్రాసెసర్ కలిస్తేనే 197 అవుతుంది. వాడు కొనవలసినవాటి పట్టీలో ఇప్పుడు కార్డుకన్నా పైన ఎస్ఎంపీఎస్ ఉంది.