వెబ్‌వ్యూలో జేఎస్ ఫైళ్లు క్యాషే కాకుండా ఆపడం: మామిడి సీజన్లలో వాడి చూసినాక నా రివ్యూ

చిత్తూరు చుట్టుపక్కల మామిడి మండీలకు కాటా చీటీ యాప్ చేసిస్తా, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో వెబ్‌వ్యూ, అంటే యాప్ లోపలే వెబ్ పేజీ చూపించే భాగం, లోపల మామూలు వెబ్ పేజీనే. బరువు, తరుగు, టన్ను రేటు, కూలీ, లెక్కంతా ఒకే జేఎస్ (జావాస్క్రిప్ట్ కోడ్) ఫైల్లో ఉంటాది. క్యాషేలో, అంటే మళ్లీ నెట్ నుంచి తేకుండా ట్యాబ్ దాచుకునే కాపీల్లో, అది పాతది ఉండిపోయిందంటే రైతు చేతిలో చీటీ ఒక మాట, ఆఫీసు కంప్యూటర్ ఇంకో మాట. తోతాపురి ట్రాక్టర్లు గేటు దాకా నిలబడి ఉంటే, "ఏందన్నా, పక్క కాటాలో తరుగు వేరే, ఈడ వేరేనా?" అని రైతు అడిగితే ఏం చెప్పాల? అందుకే ఉన్న దారులన్నీ పట్టి చూసినా.

ముందుగా అందరూ చెప్పేది వెబ్‌వ్యూ సెట్టింగు సెట్‌క్యాషేమోడ్‌లో లోడ్ నో క్యాషే, అంటే దాచుకున్నది వాడొద్దని చెప్పడం. ఒక్క లైను, పని చేస్తాది, డౌటే లేదు. కానీ ఇది జేఎస్‌ని ఒక్కదాన్నే ఆపదు, ఫోటోలు, ఫాంట్లు, సీఎస్ఎస్ అన్నీ ప్రతిసారీ నెట్ నుంచే లాగుతాది. టౌన్లో వైఫై ఉంటే తెలీదు, బంగారుపాళ్యం, దామలచెరువు మండీల్లో సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు చూడాల, పేజీ తెల్లగా అట్లే నిలబడిపోతాది. టెస్టింగ్ బిల్డులో పెట్టుకోండి, మండీకిచ్చే దాంట్లో వద్దే వద్దు.

దాచుకున్నది తుడిచేసే క్లియర్‌క్యాషేకి ట్రూ ఇస్తే డిస్క్‌లోది కూడా పోతాది, ఫాల్స్ అయితే ర్యామ్‌లోది మాత్రమే. లాగిన్ కుకీలు పోవు, అది బాగుంది. అయితే యాప్‌లో వెబ్‌వ్యూలన్నిటికీ క్యాషే ఒకటే, కాబట్టి ఒకదాన్లో కొడితే అన్నిట్లో ఖాళీ. యాప్ అప్‌డేట్ అయినాక మొదటిసారి తెరిచేటప్పుడు పిలుచుకోడానికి సరిపోతాది.

పేజీ తెరిచే లోడ్‌యూఆర్ఎల్‌తో నో-క్యాషే హెడర్ (అడిగేదానికో జవాబుకో వెంట పోయే చిన్న సూచన) కలిపి పంపడం దండగ. అది మెయిన్ పేజీకే పోతాది, లోపల స్క్రిప్ట్ ట్యాగ్ పిలిచే ఫైళ్లకు పోదు.

అసలు తిరకాసు సర్వర్ కాడ ఉంది. ఎట్లా దాచుకోవాలో చెప్పే క్యాషే-కంట్రోల్ హెడర్ లేకుండా, ఫైలు ఎప్పుడు మారిందో చెప్పే లాస్ట్-మాడిఫైడ్ ఒక్కటే పంపితే, వెబ్‌వ్యూ లోపలుండే బ్రౌజర్ ఇంజిన్ క్రోమియం ఎన్నాళ్లు దాచుకోవాలో సొంతంగా అంచనా వేసుకుంటాది, ఫైలు తెచ్చుకునే నాటికి అది మారి ఎన్నాళ్లయిందో దాంట్లో పదో వంతు. అంటే 100 రోజులుగా ముట్టుకోని ఫైలైతే ఇంక 10 రోజులు సర్వర్‌ని అడగనే అడగదు! నిన్నమొన్న రాసిన ఫైలు తొందరగా మారి, ఎన్నాళ్లనుంచో బాగా నడస్తా ఉన్న లెక్క ఫైలే ఎందుకు మొండికేస్తా ఉందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు హెచ్‌టీఎంఎల్ పేజీకి నో-క్యాషే, దాంతో వాడే ముందు ప్రతిసారీ సర్వర్‌ని అడుగుతాది, మారకపోతే 304 అని చిన్న జవాబుతో అయిపోతాది. జేఎస్ ఫైలు పేర్లోనే హ్యాష్ (లోపలి కోడ్‌ని బట్టి వచ్చే గుర్తు) పెట్టి మ్యాక్స్-ఏజ్ 31536000 సెకన్లు ఇచ్చేసినా, ఏడాదంతా దాచుకోనీ. కోడ్ మారితే పేరు మారతాది, పాత ఫైలు జోలికే పోదు. ఒక గీత సిగ్నల్లో కూడా పేజీ వెంటనే వస్తా ఉంది. నా ఓటు దీనికే, వేరే ఆలోచనే లేదు.

ఇదొక్కటి చూసుకోండి, మండీల్లో ట్యాబ్ పొద్దున తెరిస్తే రాత్రి దాకా మూయరు. పేజీ మళ్లీ లోడ్ కానంత వరకు మెమరీలో ఉన్న స్క్రిప్టే నడస్తాది, ఏ హెడరూ దాన్ని కదిలించలేదు. దానికి వెర్షన్ నంబర్ ఉండే చిన్న ఫైలు నో-స్టోర్‌తో, అంటే అసలు దాచుకోవద్దని, పెట్టినా, చీటీ సేవ్ అయిన ప్రతిసారీ అది చూసి తేడా ఉంటే రీలోడ్ చేస్తాది. చీటీ మధ్యలో మాత్రం రీలోడ్ కొట్టించొద్దు, ఎక్కించిన బరువు పోయి, ట్రాక్టర్‌ని మళ్లీ కాటా మీదికి తిప్పుకోని రావాల్సి వస్తాది.