మిషిగన్‌లో పాత కారు కొంటున్నారా? అడుగు భాగం నల్లగా మెరుస్తుంటే జాగ్రత్త

డెట్రాయిట్ చుట్టుపక్కల పాత కారు వెతుకుతున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. టెక్సస్ నుంచో, నేరుగా హైదరాబాద్ నుంచో కొత్తగా వచ్చినవాళ్లు తప్పకుండా చదవండి.

మొన్న వేసవిలో ఒక డీలర్ దగ్గర ఎనిమిదేళ్ల ఎస్‌యూవీ తీసుకున్నాం. కింద మొత్తం అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా వేసే నల్లటి పూత) చేయించామని, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు గురించి టెన్షన్ అక్కర్లేదని సేల్స్‌మన్ చెప్పాడు. వంగి చూస్తే నిజంగానే కొత్త కారులా మెరుస్తోంది. నవంబర్‌లో వింటర్ టైర్లు వేయించడానికి వెళ్తే, కారు లిఫ్ట్ మీద ఉండగా మెకానిక్ నన్ను పిలిచి చూపించాడు. ఆ నల్లటి పొరను గీకితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది. వెనక సబ్‌ఫ్రేమ్‌లో (కారు కింద చక్రాల భాగాలను మోసే లోహపు చట్రం) ఒకచోట స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగిపోయింది. వెనక చక్రాలకు వెళ్లే బ్రేక్ పైపు మీద ద్రవం చెమ్మగా కనిపించింది. పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆ కారులోనే అన్నాళ్లూ ఫ్రీవే మీద తిరిగాం. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

డీలర్‌ని అడిగితే, అద్దానికి అంటించే బయ్యర్స్ గైడ్ కాగితం చూపించాడు. అందులో 'యాజ్ ఈజ్' గడిలో టిక్కు ఉంది. అంటే రిపేర్లు ఏమొచ్చినా మనవే. నోటితో చెప్పినవన్నీ రాతపూర్వకంగా తీసుకోమని ఆ కాగితం మీదే ఉంటుంది. అందుకే కోటింగ్ ఎప్పుడు వేశారు, అంతకుముందు తుప్పు ఉందా లేదా అన్నది సంతకంతో రాసివ్వమనండి. రాయనంటే ఆ కారు వదిలేయండి.

చెమ్మెక్కిన గోడకు సున్నం వేసినట్టే ఇదీ. తుప్పు మీద రబ్బరు పూత పూస్తే తడి, ఉప్పు లోపలే ఉండిపోతాయి. ఇక్కడి రోడ్ల మీద చల్లే మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే సరిగా పనిచేయదు. అందుకని కాల్షియం క్లోరైడ్ లాంటివి కూడా వాడతారు. అది గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది కాబట్టి రోడ్డు ఆరినా కారు అడుగు భాగం ఆరదు. పైగా మిషిగన్‌లో పెన్సిల్వేనియాలో లాగా ఏటా వాహన తనిఖీ లేదు. మనం చూపించుకుంటే తప్ప కారు కింద ఎవరూ చూడరు.

కొనేముందు డీలర్‌తో సంబంధం లేని మెకానిక్ దగ్గర కారును లిఫ్ట్ ఎక్కించి చూడండి. దానికయ్యే ఖర్చు, తర్వాత సబ్‌ఫ్రేమ్ మార్చడానికయ్యే దాంతో పోలిస్తే ఏపాటిది? ముఖ్యంగా సైలెన్సర్ గొట్టం చూడండి. కొన్నేళ్లు తిరిగిన కారులో అది గోధుమరంగుకు తిరిగి ఉండాలి. అది కూడా నల్లగా ఉందంటే, బోల్టులు, రబ్బరు బుష్‌లు, వైర్ల మీద కూడా నల్ల చుక్కలు పడి ఉన్నాయంటే, అమ్మడానికి ముందు హడావిడిగా స్ప్రే కొట్టారన్న అనుమానం రావాలి. తలుపుల కింది అంచుల్లో నీళ్లు కారే చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి మూసుకుపోయినా అంతే. డీలర్ లిఫ్ట్ ఎక్కించనివ్వకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

కొత్త కారు కొనేవాళ్లకు ఫైనాన్స్ గదిలో ఇదే కోటింగ్‌ను, కొన్నిచోట్ల కరెంటుతో తుప్పు ఆపుతుందని చెప్పే ఎలక్ట్రానిక్ డబ్బాను కూడా అంటగడతారు. ఆ డబ్బా అసలే వద్దు. ఓడలకు, భూమిలోని పైపులకు కరెంటుతో తుప్పు ఆపగలుగుతున్నారంటే, అవి నీళ్లలోనో మట్టిలోనో ఉంటాయి కాబట్టి. గాలిలో తిరిగే కారుకు ఆ పద్ధతి పనిచేయదు. కంపెనీ ఇచ్చే తుప్పు వారంటీ కూడా మామూలుగా రేకుకు చిల్లు పడితేనే వర్తిస్తుంది, పైపైన పట్టిన తుప్పుకు కాదు.

మా కారుకు పైపు, సబ్‌ఫ్రేమ్ మార్పించాం. ఇకనుంచి ఏటా మంచు పడకముందే, అక్టోబర్‌లో, నూనె రకం స్ప్రే కొట్టిస్తాం. అది గట్టిపడదు, సందుల్లోకి పాకుతుంది, కింద ఏముందో మెకానిక్‌కు కనిపిస్తూనే ఉంటుంది. చలికాలంలో ఎండ కాసి రోడ్లు ఆరిన రోజు చూసుకుని అడుగు భాగం కడిగే కార్‌వాష్‌కు తీసుకెళ్తున్నాం. ఏప్రిల్‌లో ఉప్పు చల్లడం ఆగాక ఇంకోసారి బాగా కడిగించాలి.