పగిలిన హెల్మెట్‌కి నాలుగు స్టార్లు

ఈ హెల్మెట్ కొని పద్నాలుగు నెలలైంది. ఫుల్ ఫేస్, పాలీకార్బొనేట్ షెల్, వెనక ఐఎస్ఐ మార్కు, దాని పక్కనే టూవీలర్ హెల్మెట్ల ప్రమాణం ఐఎస్ 4151 నంబరు. 1,850 రూపాయలు పెట్టాను. రివ్యూలు చూస్తే "ఒక్కసారి పడితే పగిలిపోయింది, వేస్ట్" అని ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు బోలెడుమంది. బాబూ, నాదీ పగిలింది.

పోయిన నెల ఉప్పల్ దగ్గర మలుపులో ఇసుక మీద ముందు బ్రేక్ పట్టాను, బండి జారింది, నేను పక్కకి పడి తల వెళ్లి డివైడర్‌కి కొట్టుకుంది. నాలుగు రోజులు మెడ పట్టేసింది, అంతే. ఇంటికొచ్చి చూస్తే షెల్ మీద గీతలు, చెవి పైన వెంట్రుకంత చీలిక. లోపలి కుషన్ ఊడదీశాక కానీ అసలు సంగతి తెలియలేదు. అక్కడ థర్మాకోల్ బొటనవేలు పట్టేంత గుంట పడి, గింజలన్నీ నలిగి గట్టి పలకలా అయిపోయి ఉంది. మళ్లీ పైకి లేవలేదు.

లేవకపోవడమే దాని పని. అందులో ఎక్కువ భాగం గాలే, దెబ్బ తగలగానే ఆ చిన్న చిన్న గదుల గోడలు మడతపడి నలిగిపోతాయి, దెబ్బ బలం చాలావరకు ఆ నలగడానికే ఖర్చవుతుంది. మీటరున్నర ఎత్తు నుంచి పడ్డ తల 3 మిల్లీమీటర్లలో ఆగిపోతే సగటున 500 జి, అంటే తల బరువుకి 500 రెట్ల బలం, 25 మిల్లీమీటర్లు నలుగుతూ ఆగితే 60 జి. ఎత్తుని ఆగిన దూరంతో భాగించడమే, ఇంత లెక్క చాలు. ఇంతకుముందు రోడ్డు పక్కన 200కి కొన్న టోపీలో ఉన్నది ఉత్త స్పాంజి. వేలితో నొక్కితే అడుగుదాకా దిగి టక్కున లేచేది. అది పెట్టుకుని రెండేళ్లు తిరిగాను, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

స్టార్ ఎందుకు కోశానంటే వైజర్. వానలో ఆవిరి పట్టేసి ఏమీ కనబడదు, తుడిస్తే గీతలు. సైజు కూడా కాస్త వదులు, తల కొలుచుకుని ఆర్డర్ పెట్టండి. పెట్రోల్ మాత్రం తగలనీయకండి, థర్మాకోల్ కరిగిపోతుంది.

మెకానిక్ "గమ్ వేసి పెయింట్ కొట్టేద్దాం అన్నా, కొత్తదానిలా ఉంటది" అన్నాడు. ఒకసారి నలిగిన చోట మళ్లీ నలగడానికి ఏముంటుంది? ఇదే మోడల్, ఒక సైజు తక్కువది ఆర్డర్ పెట్టాను. పాతదాన్ని రంపంతో రెండు ముక్కలు చేసి పారేశాను, లేకపోతే చెత్తలోంచి ఎవరో ఏరుకుని పెట్టుకుంటారు.