తెలుగు మాట్లాడితే 10 రూపాయలు: ఏడాదిన్నర జర్మన్ క్లాసు తర్వాత

అమీర్‌పేటలో జర్మన్ నేర్పే చోట్లకి కొదవ లేదు. ఫీజు ఎంత, బ్యాచ్‌లు ఎప్పుడు, మొదటి మెట్టు ఏ1 నుంచి మూడో మెట్టు బీ1 దాకా ఎన్ని నెలలు పడుతుంది అన్నవి ఒక్క ఫోన్ కొడితే వాళ్ళే చెబుతారు, కాబట్టి అవన్నీ వదిలేస్తున్నా. నేను రాయాలనుకున్నది మా క్లాసులో టేబుల్ మీద ఉండే ఉస్మానియా బిస్కెట్ల ఖాళీ డబ్బా గురించి. ఎవరైనా నోరుజారి తెలుగు మాట్లాడితే అందులో 10 రూపాయలు వెయ్యాలి. ఏడాదిన్నరలో నేను వేసింది 640. లెక్క రాసుకున్నా, అంత మంట.

ఆ మంట మొదట్లో లేదు. ఆరు నెలలప్పుడు ఆఫీసులో కనిపించిన వాళ్ళందరికీ "చేరండి, సూపర్" అని చెప్పింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు గానీ కొంచెం సర్దాలి. మొదటి రెండు నెలలూ నిజంగానే బాగుంది. సార్ కుర్చీ చూపించి దాని పేరు చెప్తారు, తలుపు తీస్తూ తియ్యడం అంటారు, మనం వెంటనే తిరిగి అనాలి. పదో తరగతి దాకా ఇంగ్లిష్‌ని రూల్స్ బట్టీ కొట్టి, గ్రామర్‌లో మార్కులు తెచ్చుకుని, ఇంటర్వ్యూలో నోరు పెగలని బాపతు మనం. అలాంటిది మూడో వారానికే టికెట్ కొనడం, టీ ఆర్డర్ చెయ్యడం వచ్చేసరికి గాల్లో తేలాను. నువ్వు-మీరు తేడా అయితే ఎవరూ చెప్పక్కర్లేదు, అక్కడ 'మీరు'ని 'జీ' అంటారు, హైదరాబాద్‌లో పెరిగిన వాడికి ఇంకేం కావాలి. 21ని 'ఒకటీ-ఇరవై' అని తిప్పి చెప్పడం కూడా ఇక్కీస్, బాయీస్ అలవాటైన చెవికి వింత కాలేదు.

బండి ఆగింది 'మీర్' దగ్గర.

ఒకరోజు సార్ చేతులు కట్టుకుని వణుకుతూ "మీర్ ఇస్ట్ కాల్ట్" అన్నారు. కాల్ట్ అంటే చల్లన, ఇస్ట్ అంటే ఉంది, ఆ రెండూ తెలుసు. మరి మీర్? నా బుర్రకి తట్టింది ఒక్కటే, మీరు! 'జీ' కాకుండా ఇంకో రకం మర్యాద కాబోలు, పెద్దవాళ్ళకి వాడతారేమో అనుకున్నా. 'మీరు చల్లగా ఉన్నారు' అని నన్నంటున్నారనుకుని, కాదు సార్ అన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన మెచ్చుకోలుగా నవ్వి "వార్మ్?" అన్నారు. నేను ఆయన్ని మర్యాదగా చూపిస్తూ "మీర్ ఇస్ట్ వార్మ్" అన్నాను. నా ఉద్దేశం 'మీకే ఉక్కగా ఉన్నట్టుంది' అని. వాక్యంలో తప్పు లేదు కదా, శభాష్ అని పక్కవాళ్ళ వైపు తిరిగారు.

అలా రెండు వారాలు. అన్నీ కరెక్టే చెబుతున్నాను, అన్నీ తప్పుగా అర్థం చేసుకుని చెబుతున్నాను. ఆ తర్వాత నచ్చడం పాఠం వచ్చింది, 'మీర్ గెఫెల్ట్ దస్'. మీకు నచ్చిందంటున్నారు కదా అని నేను ఆయన టై వైపు, బోర్డు వైపు, ఏది దొరికితే దానివైపు చూపిస్తూ ఆయన ఇష్టాయిష్టాలు చెప్పుకుంటూ పోయాను. హోంవర్క్‌లో మొదటిసారి ఎర్ర ఇంకు నిండింది. ఎందుకో అడగాలంటే జర్మన్‌లో అడగాలి, అంత జర్మన్ నాకు రాదు, తెలుగులో అడిగితే 10 రూపాయలు. ఇచ్చి అడిగాను కూడా. సార్ డబ్బా వైపు వేలు చూపించి, మళ్ళీ చేతులు కట్టుకుని వణికారు.

ఈ ముడి విప్పింది నా పక్కన కూర్చునే ఖమ్మం నర్సక్క. రాత్రి డ్యూటీ దిగి నేరుగా క్లాసుకి వచ్చేది, సగం రోజులు కళ్ళు మూసుకునే వినేది. బయట ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ నా గోడు చెప్పుకుంటే పడీపడీ నవ్వి, "మీర్ అంటే మీరు గాదన్నా, నాకు. 'నాకు చలి పెడుతుంది' అంటమా లేదా? 'నాకు నచ్చింది' అంటమా లేదా? గంతే" అంది. ఆ ఒక్క ముక్కతో పక్కవాళ్ళు నెలల తరబడి కుస్తీ పట్టిన డేటివ్, అంటే మన 'కు' విభక్తి లాంటిది, సగానికి పైగా అయిపోయింది. సహాయం చెయ్యడం, జవాబివ్వడం, థాంక్స్ చెప్పడం, ఇవన్నీ తెలుగులో 'నాకు, మీకు'తో నడుస్తాయి, అక్కడా డేటివే. అడగడం మాత్రం 'నన్ను', అక్కడా సరిగ్గా అదే. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్ళకి 'me' అన్న ఒక్క పదమే రెండు చోట్లా సరిపోతుంది, వాళ్ళకి తేడా చెవికి ఆనదు.

అక్కడి నుంచి మా ఇద్దరి క్లాసు ఆ హోటల్లోనే. 'ఎందుకంటే' అనే 'వైల్' తర్వాత క్రియ వాక్యం చివరికి పోతుందని సార్ రంగు చాక్‌పీసులతో మూడు రోజులు బాణాలు గీశారు. అక్క "వైల్ పడ్డంక తెలుగు అనుకో" అంది. 'ఇష్ హొయ్‌టె నాఖ్ హౌజె గేయె'. నేను, ఇవాళ, ఇంటికి, పోతున్నా. వరస కూడా మారలేదు! అమ్మాయిని నపుంసకలింగంలో ఎందుకు పెట్టారని క్లాసంతా గొడవ చేస్తుంటే మాకు నవ్వొచ్చింది. మన దగ్గర అమ్మాయీ వచ్చింది, బస్సూ వచ్చింది.

తర్వాత మెట్రోలో ఉప్పల్ నుంచి వస్తూ పోతూ ఈ పద్ధతి గురించి చదివాను. మాతృభాష ముట్టకుండా, నేర్చుకునే భాషలోనే అన్నీ చెప్పే దీన్ని డైరెక్ట్ మెథడ్ అంటారు. 1878లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ స్కూలు పెట్టి, ఫ్రెంచ్ చెప్పడానికి ఒకాయన్ని తెచ్చుకుంటే, తీరా చూస్తే ఆయనకి ఇంగ్లిష్ ముక్క రాదట. ఈలోగా బెర్లిట్జ్ జబ్బుపడి, కొన్ని వారాలకి కోలుకుని వచ్చేసరికి స్టూడెంట్లు ఫ్రెంచ్‌లో మాట్లాడేస్తున్నారట. ఆ స్కూలు వాళ్ళు చెప్పుకునే కథ ఇది. నిజమే అనుకుందాం. ఆ పంతులుగారికి వేరే దారి లేదు, వచ్చిన భాషలోనే చెప్పాడు. మా సార్‌ది గుంటూరు! ఫోన్లో ఇంటివాళ్ళతో ఆయన తెలుగు వింటే ముచ్చటేస్తుంది. అంత తెలుగు పెట్టుకుని ఒకే ఒక్క పదం, 'నాకు' అన్న పదం చెప్పడానికి రెండు వారాలు వణకడమేంటి అన్నది నా గొడవ.

ఇది నా ఒక్కడి గొడవేమీ కాదు. జర్మనీలోని ఆహెన్‌లో ఇంగ్లిష్ బోధన మీద పనిచేసిన వోల్ఫ్‌గాంగ్ బుట్స్‌కామ్ అనే జర్మన్ ప్రొఫెసరే మాతృభాషని క్లాసులోంచి తరమొద్దని వాదించారు. కొత్త వాక్యం పక్కన మన భాషలో మాటకి మాట పెట్టి అద్దంలో లాగా చూపించమంటారాయన, అచ్చం మా అక్క చేసినట్టే. 1980లలో స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికన్ భాషావేత్త చెప్పింది ఇంకోటి ఉంది, మనసులో టెన్షన్ ఉంటే విన్నది లోపలికి దిగదని. అదే క్రాషెన్ అర్థమయ్యే భాష వీలైనంత ఎక్కువ వినిపించాలని కూడా అంటారు, సార్‌ని అడిగితే ఆ ముక్క చూపిస్తారనుకోండి. మరి ఆ డబ్బా ఎవరి థియరీ ప్రకారం పెట్టారో నాకైతే తెలీదు. బ్యాచ్ చివర ఆ డబ్బుతో బిర్యానీ తెప్పించారు, అది మాత్రం బాగుంది.

ఇక నా తెలుగు దారి నన్ను ముంచిన సంగతి కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి. మాట్లాడటంలో నాకు 81. రాయడంలో 54, ఫెయిల్. ఫ్రెండ్‌కి ఈమెయిల్ రాయమంటే 'నాకు ఫోన్ చెయ్యి' అని ధీమాగా 'మీర్' పెట్టాను. ఫోన్ చెయ్యడానికి జర్మన్‌లో 'నన్ను' కావాలి. 'నాకు కారు ఉంది' అన్నదీ అలాగే కొంప ముంచింది, వాళ్ళ దగ్గర ఇంగ్లిష్‌లో లాగా 'నేను' కలిగి ఉండాలి. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు వచ్చు, ఇన్ని 'నాకు'లూ అక్కడ 'నేను'లే. ఎక్కడ అతుకుతుందో ఎక్కడ అతకదో చెప్పేవాళ్ళు లేకుండా తెలుగు పట్టుకుని పోతే గోతిలో పడటం ఖాయం. నేను పడ్డాను. ఇక 81 వచ్చిందంటే, అది ఇరానీ హోటల్ చలవ కాదు. రోజూ గంటన్నర పారిపోయే దారి లేకుండా జర్మన్‌లో కూర్చోబెట్టినందుకే, అది ఒప్పుకోవాలి. నర్సక్కకి నాలుగూ ఒకేసారి పాసయ్యాయి, కానీ ఆమె నాకంటే రెట్టింపు చదివింది.

మరి చేరొచ్చా అంటే, నా వయసు 34, ఉద్యోగం చేస్తూ వెళ్ళాను, ఇంట్లో కూర్చుని చదివే టైం లేదు, అలాంటి వాళ్ళకి నోరు తెరిపించే క్లాసు మంచిదే. కాలేజీ పిల్లలకి, వీసా తేదీ మీద పడుతున్న వాళ్ళకి ఏది మంచిదో నేను చెప్పలేను. చేరితే మాత్రం మొదటి వారంలోనే కాస్త తెలుగులో విడమర్చి చెప్పే బ్యాచ్‌మేట్‌ని వెతుక్కోండి. రాయడం ఒక్కటీ వచ్చే నెల మళ్ళీ రాస్తున్నా. బీ2కి కూడా ఇక్కడే డబ్బు కట్టాను, మా మెట్రో లైన్‌కి ఇదే దగ్గర. కొత్త బ్యాచ్‌లో రేటు 20 చేశారు.